ముల్లు కాటా మీద బరువు చదవడం పిల్లలకు ఎలా నేర్పాలి?

పల్లె బడి టీచర్:

అందరికీ నమస్కారం. మాది ప్రకాశం జిల్లాలో చిన్న మండల పరిషత్ బడి. మూడు, నాలుగు, ఐదు తరగతులు ఒకే గదిలో, మూడూ నా దగ్గరే. బరువుల పాఠం నడుస్తోంది. పుస్తకంలో లెక్కలకు ఢోకా లేదు. 2 కిలోల 300 గ్రాములంటే ఎన్ని గ్రాములని అడిగితే నా మాట పూర్తికాకముందే 2300 అంటారు. అదే కాటా ముందు నిలబెడితే ఒక్కరికీ నోరు పెగలదు.

మా వంటగదిలో పాత ముల్లు కాటా ఒకటుంది. పైన పళ్ళెం, ముందువైపు గుండ్రటి డయలు, 10 కిలోల దాకా తూగుతుంది. కిలోకొక అంకె, మధ్యంతా గీతలు. మధ్యాహ్న భోజనానికి ప్రైమరీ పిల్లలకు తలకు 100 గ్రాముల బియ్యం లెక్క కదా, ఆ తూకమేదో పిల్లల చేతే చదివిద్దామనుకున్నా. ఆ రోజు హాజరు 23. వంటావిడ 2 కిలోల 300 పోసి పక్కకు తప్పుకుంది. ముల్లు 2 దాటి ఆరు చిన్న సందులు అవతల నిలబడింది. ఎంత ఉందిరా అంటే ‘రెండు కిలోల ఆరు గ్రాములు’ అన్నవాళ్ళే ఎక్కువ. ఒకమ్మాయి రెండున్నర అంది. ఐదో తరగతి పిల్లాడు ‘రెండూ ఆరు నిమిషాలు’ అనేసి నాలుక కరుచుకున్నాడు. అందరూ పకపకా నవ్వారు గానీ, సరైన జవాబు మాత్రం నవ్విన వాళ్ళకూ తెలియదు.

గీతకు 50 గ్రాములని నేనే చెప్పేస్తే ఆ పూటకు చదువుతారు. ఇంకో కాటా ఇస్తే దాన్నీ గీతకు 50 అనే చదువుతారు. ఏ డయలు ఇచ్చినా వాళ్ళంతట వాళ్ళు చదువుకునేలా ఎలా చెప్పాలి? బడిలో ఉన్న సామానుతో అయ్యే పనైతే మేలు. ఈ రోజుల్లో అన్నీ డిజిటల్ కాటాలే, ఇదెందుకు అనేవాళ్ళు దయచేసి వేరే చర్చలో అనండి.

ఇద్దరు పిల్లల తల్లి:

మేడమ్, గడియారంతో మొదలుపెట్టండి. మా చిన్నదానికి నేను అలాగే చెప్పాను. పెద్ద ముల్లు 1 మీద ఉంటే 5 నిమిషాలని వాళ్ళకు ముందే తెలుసు, రాసిన అంకె వేరు, చదివే విలువ వేరు అని అక్కడే అర్థమై ఉంటుంది. కాటా కూడా గుండ్రంగానే ఉంది కాబట్టి తొందరగా అందుకుంటారు.

రిటైరైన లెక్కల మాస్టారు:

పై అమ్మ చెప్పినదాంతో నేను ఏకీభవించను. ‘రెండూ ఆరు నిమిషాలు’ అన్న పిల్లాడు ఎక్కడినుంచి తెచ్చాడు ఆ మాట? గడియారం నుంచే. గడియారంలో రెండు అంకెల మధ్య ఎప్పుడూ ఐదు సందులే, సందుకు ఎప్పుడూ ఒక నిమిషమే. ఏ ఊళ్ళో, ఏ గోడ మీద చూసినా అంతే. కాటా అలా కాదు, తయారుచేసినవాడు ఎన్ని గీతలు కొడితే అన్ని. గడియారం అలవాటు మీద కాటా నేర్పితే, సందుకు ఒకటి అనే నమ్మకాన్ని మనమే ఇంకాస్త గట్టిపరిచినట్టు. గడియారాన్ని ఆఖర్న, అన్నీ వచ్చాక, తేడా చూపించడానికి తీసుకురండి.

ఇక టీచరమ్మకు. మీ పిల్లలకు అంకెలు వచ్చు, గ్రాములు వచ్చు. రానిదల్లా సందు విలువ. అది డయలు మీద రాసి ఉండదు, ఎవరికి వాళ్ళు తేల్చుకోవాలి. నేను సర్వీసులో ఉన్నన్నాళ్ళూ ఈ పాఠానికి అచ్చువేసిన డయలును ముందు కనబడనిచ్చేవాణ్ణి కాదు. పిల్లల చేతే డయలు గీయించేవాణ్ణి.

చార్టు కాగితం మీద మీ డయలంత వృత్తం గీసి కత్తిరించండి. మధ్యలో గుండ్రటి రంధ్రం తీయండి. ఆ రంధ్రంలోంచి ముల్లు మొదలు సగం కనబడాలి, అంకెలూ గీతలూ మాత్రం కాగితం కిందికి పోవాలి. టేపుతో అంటించండి. ఖాళీ పళ్ళెం ఉన్నప్పుడు ముల్లు ఎటు చూపిస్తుందో దాని వెంట స్కేలు ఆనించి, కాగితం మీద సన్నగా గీత గీయించి 0 అని రాయించండి.

ఇప్పుడు తూకం రాళ్ళు కావాలి. ఊళ్ళో పాత కిరాణా కొట్లో ఆరు పలకల ఇనప రాళ్ళు ఇంకా మూల పడే ఉంటాయి, ఒక పూటకు అడిగితే కాదనరు. 5 కిలోలు, 2, 1, 500 గ్రాములు, 200, 100, 50. ఒక్కోటి ఒక్కటి చాలు. కిలో రాయి పెట్టి గీత గీయించండి, 2 కిలోలది పెట్టి ఇంకో గీత, రెండూ కలిపి పెట్టి 3 దగ్గర మరో గీత. ఇక్కడ ఆపండి. 5 కిలోల రాయి చేతికిచ్చి, ఇది పెడితే ముల్లు ఎక్కడాగుతుందో ఎవరి చుక్క వాళ్ళను పెన్సిలుతో పెట్టమనండి. కొందరు దగ్గరగా పెడతారు, కొందరు డయలు చివరిదాకా పోతారు. 0 నుంచి 1 దాకా ఎంత ఎడముందో కాగితం ముక్కతో కొలిచి, దాన్నే 3 నుంచి రెండుసార్లు జరిపే పిల్ల ఒకత్తి తప్పకుండా ఉంటుంది. రాయి పెట్టగానే ముల్లు వచ్చి ఆ పిల్ల చుక్క మీద నిలబడుతుంది. ఇంత బరువుకు ఇంత ఎడమని మిగతావాళ్ళకు ఆ పిల్లే చెబుతుంది, మీరు పక్కనుంటే చాలు.

ఎందుకలా అని ఐదో తరగతివాళ్ళు అడిగితే అసలు సంగతి చెప్పవచ్చు. లోపల స్ప్రింగు ఉంటుంది. బరువు రెట్టింపైతే స్ప్రింగు కదలిక కూడా రెట్టింపు అవుతుంది. ఇంగ్లండులో రాబర్ట్ హుక్ 1678లో అచ్చువేయించిన సూత్రం ఇదే. స్ప్రింగుతో పాటు పైకీ కిందికీ జరిగే పళ్ళ కడ్డీ ఒక చిన్న పళ్ళ చక్రాన్ని తిప్పుతుంది, ఆ చక్రం ఇరుసుకే ముల్లు బిగించి ఉంటుంది. పాడైన కాటా దొరికితే వెనక రేకు విప్పి చూపించండి. ఆ రోజుకు ఇంకే పాఠమూ సాగదు, అది వేరే సంగతి.

తర్వాత 0కీ 1కీ మధ్య. 100 రాయి పెట్టి గీత, 200 పెట్టి గీత, రెండూ కలిపి 300. 500, 600, 700, 800 కూడా వచ్చేస్తాయి. 400 రాదు. 900 రాదు. ఒక్క సెట్టు రాళ్ళతో ఎన్ని తిప్పలు పడ్డా ఆ రెండూ కుదరవు. ఈ చిక్కు విడిపోయేదాకా పిల్లల్ని వాళ్ళ మానాన వదిలేయండి. 300కీ 500కీ నట్టనడుమ గీత గీసుకుంటారు, 800కీ 1కీ నడుమ ఇంకోటి. రాయి లేకుండా గీత పెట్టగలిగారంటే సందు అర్థమైనట్టే, సగం పాఠం అయిపోయింది.

అప్పుడు కాగితం తీసి అసలు డయలు పక్కన పెట్టి పోల్చమనండి. వాళ్ళ గీతలకు సరిపడా గీతలన్నీ అందులో ఉంటాయి, కాకపోతే ప్రతి రెండింటి మధ్యా ఒక పొట్టి గీత అదనంగా ఉంటుంది. అదెంత అని మీరు అడగక్కర్లేదు. ఒకవేళ ఎవరైనా తటపటాయిస్తే, పక్కన పడివున్న 50 గ్రాముల రాయి ఉండనే ఉంది.

ఒక జాగ్రత్త. లెక్కపెట్టించేటప్పుడు గీతల్ని కాదు, సందుల్ని లెక్కపెట్టించండి. 0 నుంచి 1 దాకా గీతలు లెక్కపెట్టమంటే 19 అనేవాడూ 21 అనేవాడూ ఉంటారు, ఇద్దరిదీ తప్పు కాదు, కొసలు కలుపుకున్నారా లేదా అన్నదే తేడా. సందులు మాత్రం ఎవరు లెక్కపెట్టినా 20. అగ్గిపుల్ల మొనను ఒక సందులోంచి ఇంకో సందులోకి గెంతిస్తూ లెక్కపెట్టమనండి. కిలోను ఇరవైమందికి పంచితే తలా ఎంత? భాగహారం మూడో తరగతి నుంచే చేస్తున్నారు కదా.

ఆ తర్వాత అట్టముక్కల మీద డయళ్ళు గీసి, మధ్యలో గుండుసూదితో కాగితపు ముల్లు గుచ్చండి. ఒకదానిలో 100 గ్రాములకు ఐదు సందులు పెట్టండి, ఒకదానిలో నాలుగు. ఒకదానిలో 10 కిలోలకు పది సందులు పెట్టండి, మనుషులు ఎక్కి నిలబడి తూచుకునే మిషన్ మీద చాలావరకు అలాగే ఉంటాయి. ముల్లు ఎక్కడుందని మొదటే అడగవద్దు. ఈ డయల్లో సందు ఎంత అని మాత్రం అడిగి పక్కన పెట్టేయండి. 20, 25, 1 కిలో అని గడగడా చెప్పేదాకా ముల్లు జోలికే పోకండి.

కొట్టు నడిపే మనిషి:

మాస్టారు చెప్పిన రాళ్ళు మా కొట్లో ఉన్నాయి, మా ఊరి బడి అడిగితే నేనూ ఇస్తాను. తూకం వేసేవాడిగా నాకు తెలిసినవి చెబుతాను.

మొదట ఖాళీ కాటా చూడాలి. ఏమీ పెట్టకముందే ముల్లు సున్నా మీద ఉందా లేదా? మా నాన్న హయాంలో స్ప్రింగు కాటా ఉండేది, వాన పడ్డ రోజున, సామాను దింపిన రోజున ముల్లు ఒక సందు ఇటో అటో ఉండేది. అందుకే పైనో వెనకో చిన్న మర ఉంటుంది, దాన్ని తిప్పి సున్నాకు తేవాలి. ఇది పిల్లలకు అలవాటైతే పెద్దయ్యాక బజారులో వాళ్ళను ఎవరూ మోసం చేయలేరు. పాత సామాను కొనేవాళ్ళు కొక్కెం కాటా పట్టుకుని వస్తారు చూడండి, సంచి తగిలించకముందే ముల్లు ఎక్కడుందో చూసేవాళ్ళు వీధిలో ఒక్కరుండరు. అమ్మేది మనం కాబట్టి వాడి ముల్లు సున్నాకు వెనక ఉంటే మనకే నష్టం. కొనేటప్పుడైతే ముల్లు సున్నాకు ముందుంటే నష్టం. ఎటుంటే ఎవరికి నష్టమో పిల్లల చేతే చెప్పించండి, ఇది మంచి తగువు.

రెండోది, కళ్ళు ముల్లుకు ఎదురుగా ఉండాలి. డయలుకూ ముల్లుకూ మధ్య కాస్త ఖాళీ ఉంటుంది. పక్కనుంచి చూస్తే ముల్లు పక్క గీత మీద ఉన్నట్టు కనబడుతుంది. మీ కాటా గట్టు మీద ఉంటే మూడో తరగతి పిల్లలు తల పైకెత్తి చూస్తారు, మీరు పైనుంచి వంగి చూస్తారు, ఒక్కొక్కరికి ఒక్కోలా ఉంటుంది. బల్ల మీదికి దించండి, లేదా వాళ్ళను పీట ఎక్కించండి.

ముల్లు ఊగుతుంటే చదవనివ్వకండి. చేతిని పళ్ళెం మీంచి తీశాకే చదవాలి. గిన్నె పెడితే గిన్నె బరువు తీసేయాలి. అంతే.

అంగన్‌వాడీ టీచర్, మెదక్ జిల్లా:

మేడమ్, మా దగ్గర సాల్టర్ కాంటా ఉండె. 25 కిలోలది, పైన కొక్కానికి తగిలించేది, సందుకు 100 గ్రాములు. పిలగాన్ని లాగు లెక్క ఉండే సంచిల కూసోవెట్టి తగిలిస్తం. ఖాళీ లాగు తగిలించి ముందు సున్నకు తెచ్చుకోవాలె, లేకుంటే లాగు బరువు గూడ పిలగాని ఖాతాలనే పడ్తది. ఇప్పుడు డిజిటల్ కాంటాలు ఇచ్చిన్రు గని నాకు ముల్లుదే అలవాటు.

నేను చెప్పేది వేరే ముచ్చట. చదువుడు వచ్చినంక రాసుడు కాడ తప్పుతరు. 9 కిలోల 400 గ్రాములు 9.4 అని రాస్తం, బాగనే ఉంటది. మీ కాంటాల గీతకు 50 కదా. 9 కిలోల 50 గ్రాములు అనంగనే పెద్దోళ్ళు గూడ 9.5 అని రాసేస్తరు. 9.5 అంటే తొమ్మిదిన్నర. 450 గ్రాములు ఎక్కువ రాసినట్టే. పసిపిల్లకు అది శానా పెద్ద తేడా, గ్రోత్ చార్టుల రంగే మారిపోతది, తక్కువ బరువున్న పిల్ల మంచిగున్నట్టు కనవడ్తది. మాకు కొత్తగ వచ్చినోళ్ళకు నేను ఒక్కటే చెప్త, చుక్క తర్వాత ఎప్పుడూ మూడు అంకెలు రాయున్రి అని. 9.050. 9.400. అట్ల రాస్తే తప్పు పోదు. మీ పిల్లలకు గూడ దశాంశం సరిగ్గ వచ్చేదాంక కిలోలు ఒక గడిల, గ్రాములు ఒక గడిల రాయించున్రి, చుక్క జోలికి పోకున్రి.

ఇంకోటి. మా దగ్గర పిలగాడు ఏడ్సి కాళ్ళు కొడ్తడు, ముల్లు ఆగదు. అప్పుడు నేను ఊగే రెండు కొసలు చూసి నడిమిది రాసుకుంట. అది మీ బడి పిల్లలకు ఇప్పుడే చెప్పకున్రి, అన్నిటికీ నడిమిదే రాస్తరు.

పల్లె బడి టీచర్:

అందరికీ చాలా థాంక్స్. కొట్టాయన దగ్గర రాళ్ళు దొరికాయి. తుప్పు పట్టి ఉంటే పిల్లలే గోనెతో తుడిచారు. మాస్టారు చెప్పినట్టు కాగితం చక్రం అంటించాం. 5 దగ్గర చుక్కలు పెట్టేటప్పుడు పెద్ద గోల. కాగితం ముక్కతో కొలిచింది నాలుగో తరగతి అమ్మాయి. ఎప్పుడూ కిటికీ పక్కన కూర్చుని ఒక్క మాటా మాట్లాడదు, ‘టీచర్, చుక్క పెట్టేశాను’ అని అరిచింది. 400 రాళ్ళతో రాదని తేలడానికి వాళ్ళకు ఒక పీరియడ్ పట్టింది. ఒకడు 500 రాయి పెట్టి 100 రాయిని పళ్ళెం కింద పట్టుకుని పైకి నెడితే 400 అవుతుందన్నాడు! ఏం చెప్పాలో తోచక, చేసి చూడరా అన్నాను. ముల్లు ఎక్కడా నిలవలేదు.

బియ్యం ఇప్పుడు చదువుతున్నారు. సందులు లెక్కపెట్టి, యాభై, వంద, నూటయాభై అని గొణుక్కుంటూ. తల్లి గారు ఏమీ అనుకోవద్దు, మాకు గడియారం పొసగలేదు, ఇంట్లో ఒక్క బిడ్డకైతే బాగుంటుందేమో.

చిక్కు ఇప్పుడు పప్పు దగ్గర వచ్చింది. తలకు 20 గ్రాములు. 23 మందికి 460. ముల్లు 450 గీత దాటి, 500 గీతకు ఇవతల ఉంది. పిల్లలు 450 అంటారు, కొందరు 451 అంటారు. లెక్క ప్రకారం 460 అని ముందే తెలుసు కాబట్టి ఒకడు డయలు చూడకుండానే 460 అనేశాడు. ఏది ఒప్పుకోవాలి?

రిటైరైన లెక్కల మాస్టారు:

పళ్ళెం కింద రాయి పట్టుకున్న పిల్లాణ్ణి వదులుకోకండి. 500లోంచి 100 తీసేయాలన్న ఆలోచన సరైనదే, చేయితో నెడితే ఎంత బలమో తెలియదు కాబట్టి నిలవలేదు. అదే తక్కెడైతే ఒక పళ్ళెంలో 500, రెండో పళ్ళెంలో 100 రాయి పెట్టి, దాని పక్కన బియ్యం పోస్తూ పోతే సరిగ్గా 400 బియ్యం వస్తాయి. పూర్వం కొట్లలో చేసిన పనే అది. వాడికి ఒక తక్కెడ చేసి ఇవ్వండి, రెండు కొబ్బరి చిప్పలు, ఒక కర్ర, పురికొస చాలు.

పప్పు సంగతి. ‘450 దాటింది, 500 కాలేదు, 450కే దగ్గర’ అంటే అదే పూర్తి మార్కుల జవాబు. మీ కాటాలో సందు 50, అందులో ఐదో వంతు ముల్లు మందం అంత కూడా ఉండదు. అక్కడ 460 అని చదివానన్నవాడు చదవలేదు, లెక్కకట్టాడు. 451 అన్నవాడికి సందుకు ఒకటి అనే పాత జబ్బు ఇంకా కొంచెం మిగిలింది, వాణ్ణి మళ్ళీ అగ్గిపుల్ల దగ్గరికి పంపండి. పప్పుకు కిలో దాకా మాత్రమే తూగే చిన్న కాటా కావాలి, వంటింటి సామాన్ల షాపుల్లో దొరుకుతుంది, దాంట్లో సందుకు 5 గ్రాములో 10 గ్రాములో ఉంటాయి. దొరికితే రెండు కాటాలూ పక్కపక్కన పెట్టి అదే పప్పును రెండిట్లోనూ తూయించండి. బియ్యానికి ఏది, పప్పుకు ఏది అని ఎంచుకోవడం వాళ్ళకే వదిలేయండి.

కొట్టు నడిపే మనిషి:

చిన్న కాటా దొరక్కపోతే పప్పును ఐదు రోజులకు కలిపి ఒకేసారి తూయండి మేడమ్. 23 మందికి ఐదు రోజులకు 2 కిలోల 300, మీ బియ్యం గీత మీదే వచ్చి ఆగుతుంది. కాకపోతే దాన్ని మళ్ళీ ఐదు వాటాలు వేసేటప్పుడు గ్లాసే గతి.

ఇంకో పని చేయండి. ఇళ్ళకు గ్యాస్ బండ తెచ్చే అబ్బాయి దగ్గర కొక్కెం కాటా ఉండాలి, అడిగితే తూచి చూపించాలి. బండ మీద ఖాళీ బరువు రాసి ఉంటుంది, గ్యాస్ 14.2 కిలోలు. రెండూ కూడి, ముల్లు ఎక్కడ ఆగాలో ముందే కాగితం మీద రాసుకుని, అప్పుడు తూయమనమనండి. ఐదో తరగతి పిల్లలకు ఇంటిపనిగా ఇవ్వవచ్చు. బండ మోసుకొచ్చిన అబ్బాయి విసుక్కుంటే మాత్రం కాసిని మంచినీళ్ళు ఇచ్చి అడగమని చెప్పండి.